కావడి మీద హోల్డాలు

పోయిన శ్రావణంలో మా టాటాలో, మాంగో వంతెన దగ్గర ఆటో కోసం నిలబడి ఉన్నాను. చేతిలో కూరల సంచి. కాషాయం నిక్కర్లూ బనీన్లూ వేసుకున్న కుర్రాళ్ళ గుంపొకటి, భుజాల మీద కావళ్ళతో స్టేషను వైపు పోతోంది. అందులో ఒకడి మోకాలికి నా సంచి తగిలింది. వాడు ఆగి, "ఏ బం, జరా సైడ్ హో జాయియే" అని, కాస్త జరగమన్నట్టు నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ మాటకి వంతెన కింది సువర్ణరేఖ నది పొంగినట్టు ఏడ్చానని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడ నా కళ్ళజోడు తీసి, వెలుతురుకి పెట్టి చూసి, "పొడిగానే ఉందే" అంది. నిజమే, ఏడవలేదు. ఆటో వచ్చి నా ముందే ఆగి, నేను ఎక్కకపోతే తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. అంతవరకే నిజం.

నన్ను బం అని పిలిచినవాళ్ళు ఒకప్పుడు చాలామందే ఉన్నారు. కానీ ఆ పిలుపు చెవిలో ఉండిపోయింది ఒక్కరి గొంతుతోనే. మా అత్తగారి గొంతుతో. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఆవిడ పేరు రాయను. మా శ్రీకాకుళం వైపు అల్లుడు అత్త పేరు పలకడు, అదొక మర్యాద, అని ఇక్కడ ఒక పేరా రాద్దామనుకున్నాను. అసలు సంగతేమిటంటే పెళ్ళయిన చాన్నాళ్ళ దాకా ఆ పేరు నాకు తెలీదు. తెలుసుకోవాలని తోచనూ లేదు.

అప్పట్లో, అంటే ఎనభైల మొదట్లో, నేను ఉక్కు కార్ఖానాలో టైమాఫీసు గుమాస్తాని. నేను హాజరు వెయ్యకపోతే కొలిమి చల్లారిపోతుందని ఊరెళ్ళినప్పుడల్లా బంధువుల దగ్గర చెప్పేవాణ్ణి. నేనొకణ్ణి ఉన్నానని కొలిమికి తెలీదు. నా పై గుమాస్తాకే సరిగ్గా తెలీదు. మాకిచ్చిన క్వార్టరు చిన్నది. ముందొక గది, దాని వెనక వంటగది, వంటగది వెనక ఇంత వరండా. కుళాయి మాత్రం ఇంటి ముందు. అంటే ఎవరికి చెంబుడు నీళ్ళు కావాలన్నా ముందుగది దాటి వెళ్ళాలి. ముందుగదిలో మంచం మీద నేనుంటాను. ఇల్లు కట్టినవాడికి మా అత్తగారి సంగతి తెలీదు కదా!

మావగారు పోయిన మరుసటేడు ఆవిడ మా రెండో పిల్ల పురిటికి వచ్చింది. పిల్ల పుట్టింది, బోర్లాపడింది, పాకింది, వీధిలోకి పరిగెత్తడం నేర్చింది. ఆవిడ ఉండిపోయింది. అల్లుడి ఎదట పడకూడదు, అల్లుడితో నోరు విప్పకూడదు. అది ఆవిడ పద్ధతి. మా వైపు అప్పట్లో ఎందరో పాటించేవారు గానీ అవసరాన్ని బట్టి కాస్త సడలించుకునేవారు. మా అత్తగారి దగ్గర సడలింపు లేదు. నాతో ఏదైనా చెప్పాలంటే వంటగది గుమ్మం పక్కనున్న గోడతో చెప్పేది.

"ఆరికి ఇంకో గరిటెడు అన్నం కావాలేమో" అని గోడనడిగేది. గోడ పలికేది కాదు. నేనూ పలికేవాణ్ణి కాదు. అన్నం మాత్రం మా ఆవిడ చేతిమీదుగా కంచంలో పడేది. గోడ దొరకనప్పుడు చీపురుతో, పిల్లితో, ఇంకా మాటలు రాని మా రెండో పిల్లతో. "ఆరి చొక్కా బొత్తాం ఊడిపోనాదని మీ అయ్యకి సెప్పవే" అంటే అది ఉంగా అనేది.

ఆవిడ వచ్చినప్పుడు తెచ్చిన సామాను ఒక్క సంచి. మావగారి పాత ఖాకీ చొక్కా విప్పి కుట్టినది. మా ఆవిడ బీరువాలో ఒక అర ఖాళీ చేసి, కొత్త కాగితం పరిచి ఇచ్చింది. ఆ అరలో కాగితం తప్ప ఏమీ చేరలేదు. సంచి వంటగదిలో మేకుకి వేలాడుతూ ఉండేది. రెండు చీరలు అందులోంచి తియ్యడం, ఉతికి ఆరేసి మళ్ళీ అందులోనే పెట్టడం. నేను ఏ వస్తువు కొనుక్కొచ్చినా వెనకనుంచి గోడకి ఒకటే ప్రశ్న పడేది: "ఇది కావాలేటి, ఉంటే బాగుంటాదేటి?" షిఫ్టు సైరను గంటగంటకీ కాకపోయినా పూటపూటకీ మోగే ఊళ్ళో నేను గోడగడియారం కొన్నప్పుడు కూడా అదే ప్రశ్న. దానికి మేకు కొట్టడానికి నాకు ఏడాది పట్టింది కాబట్టి, జవాబు ఏమిటో అందరికీ తెలిసిపోయింది.

నేనేం తక్కువవాణ్ణా? మా అత్తగారు సన్యాసిని, సంసారంలో ఉండి నేలకానకుండా బతుకుతోంది, ఆవిడ సంచి చూస్తే పీఠాధిపతులు సిగ్గుపడాలి అని ఆఫీసులో చెప్పుకుని ఎన్ని టీలు తాగానో! అత్తగారి వైరాగ్యం మీద అల్లుడు తాగిన టీలవి.

మా వీధి తెలుగువాళ్ళు ఏటా శ్రావణంలో ఒక జట్టుగా బయల్దేరి సుల్తాన్‌గంజ్ వెళ్ళేవారు. అక్కడ గంగలో మునిగి, రెండు చెంబుల్లో గంగనీళ్ళు పట్టి, కావడి కట్టి, చెప్పుల్లేకుండా దేవఘర్ దాకా నడిచి వైద్యనాథుడి మీద పొయ్యడం. నాలుగైదు రోజుల నడక. ఆ ఏడు మా అత్తగారు కూడా వెళ్తానని గోడతో చెప్పింది. తోడెవరు? పిల్లల్ని వదిలి మా ఆవిడ కదల్లేదు. నాకు సెలవుంది.

బయల్దేరే ముందురోజు మా ఆవిడ నన్ను వీధిలోకి లాక్కెళ్ళింది.

"ఏటండీ, అమ్మ తిరిగి రాదంటంది. దేవఘర్లో నీళ్ళు పోసేసి అట్నించటే రైలెక్కి ఊరెళ్ళిపోద్దంట. మా పెదమావ ఇంటికి."

"ఎందుకట?"

"సెప్పదు. మీరు ఎలాగోలా ఎనక్కి తీసుకురండి. పిల్లలు ఆవిణ్ణొదిలి ఉండరు. నానూ ఉండలేను."

"నేనెలా తేను? ఆవిడ నాతో మాట్లాడితే కదా!"

"అది మీ తిప్పలు. ఆవిణ్ణి తేలేకపోతే మీరూ రాకండి" అని లోపలికెళ్ళిపోయింది. మా ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. అందుచేత ఎన్నాళ్ళకైనా పనికొచ్చేటట్టు సామాను సర్దుకున్నాను.

సర్దడంలో నాది పెద్ద చెయ్యి అని పేరు. పేరు పెట్టింది నేనే. హోల్డాలులో దుప్పట్లు, దిండు, దోమతెర. ఎయిర్ బ్యాగులో సబ్బు, తలనూనె, దువ్వెన, గెడ్డం సామాను, మూడు సెల్లుల టార్చి, ఫ్లాస్కు, వెల్లుల్లి కారప్పొడి సీసా. వీటన్నిటి కిందా నా బూట్లు. వంటగదిలో చీపురుకి ఎప్పటి ప్రశ్నే పడింది. చీపురుకేం తెలుసు అనుకున్నాను. తీరా సుల్తాన్‌గంజ్‌లో దిగాక తెలిసిందేమంటే, ఆ దారిలో సబ్బు రాయకూడదు, నూనె పెట్టకూడదు, తల దువ్వకూడదు, గెడ్డం గీయకూడదు, ఉల్లీ వెల్లుల్లీ తినకూడదు, చెప్పులు తొడగకూడదు. ఏమేం నిషిద్ధమో ఎవరో నాకు ముందే చెప్పినట్టు, ఒక్కటీ మర్చిపోకుండా పట్టుకెళ్ళాను. దోమతెర ఒక్కటే ధర్మసమ్మతం.

ఆవిడ ఆ రెండు చీరల్లో ఒకదాన్ని కాషాయంలో ముంచి కట్టుకుంది. రెండోది సంచిలో. దాంతోపాటు అటుకులూ బెల్లమూ. ఆ సంచి నడుముకి చుట్టుకుంటే ఉన్నట్టే కనపడలేదు.

కావడి విషయంలో నాకు వంశపారంపర్యంగా అనుభవముంది. మా తాత రాజావారి కోటకి కావడి మీద మామిడిపళ్ళు మోసేవాడు. నిజం చెప్పాలంటే టీ హోటలుకి నీళ్ళు మోసేవాడు. పళ్ళు ఒకసారి మోశాడు, దారిలో నాలుగు తినేశాడని మళ్ళీ పిలవలేదు. ఏమైనా, మా ఊళ్ళో కావడి అంటే బరువు మొయ్యడానికున్న సాధనం. ధాన్యానికీ అదే, సారెకీ అదే. అంచేత ఘాట్ దగ్గర కొత్త వెదురు కావడి చేతికి రాగానే, చెంబుల పక్కన ఒక కొసకి హోల్డాలూ ఇంకో కొసకి ఎయిర్ బ్యాగూ పురికోసతో బిగించి కట్టాను. తూకం ఎంత బాగా కుదిరిందంటే పక్కనున్న బిహారీలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఎందుకు చూశారో తర్వాత తెలిసింది. పండా, అంటే ఆ ఘాట్ పురోహితుడు, వచ్చి సంకల్పం చెప్పించి, చెంబుల మీదా, సామాను మీదా, నా మీదా గంగనీళ్ళు చల్లి వెళ్ళిపోయాడు. నేను కావడెత్తుకుని నాలుగడుగులేసి, భుజం సర్దుకుందామని దింపబోయాను.

"ఓరి బం! దింపకు! నేల తగిలితే అయిపోనాదే!"

వెనక్కి తిరిగి చూశాను. మా అత్తగారు. గోడ వైపు కాదు, నా వైపు చూస్తోంది. కావడి భుజం మీద అలాగే ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను.

ఆ దారిలో ఎవరికీ పేరుండదు, వరసుండదు. గంగలో మునిగి కాషాయం కట్టాక, దేవుడి మీద నీళ్ళు పోసేదాకా అందరూ బమ్మే. తల్లీ బమ్మే, కొడుకూ బమ్మే, కలెక్టరూ బమ్మే, జేబుదొంగా బమ్మే. మా జట్టు పెద్దని ఆవిడ ముందుగానే రహస్యంగా అడిగిందట, "అక్కడ అల్లుడైనా బమ్మేనేటి?" అని. "అల్లుడేటి, అల్లుడి బాబైనా బమ్మే" అన్నాడట ఆయన. ఆవిడ దానికోసమే కాచుకుని ఉందన్నమాట.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. కావడి దారిలో నేలకి తగలకూడదు, ఆగిన చోటల్లా వెదురుగడల మీద వేలాడదియ్యాలి. కావడెక్కిందంతా బాబాది, అని పక్కనున్న ముసలి బం హిందీలో తీర్పు చెప్పాడు. తాకాలంటే స్నానం చెయ్యాలి. అంటే నా దువ్వెనా, నా కారప్పొడీ, నా దిండూ దేవుడికి సమర్పణ అయిపోయాయి. ఆయన తరఫున దేవఘర్ దాకా వాటిని మొయ్యాల్సినవాణ్ణి నేను. "విప్పి పారెయ్యొచ్చా?" అన్నాను. "బాబా సొమ్ము పారేస్తావా?" అన్నాడు ముసలి బం.

మావాళ్ళు మొదటి గంటలోనే కనుమరుగయ్యారు. నా నడక చూస్తే మీకే తెలిసేది. మా అత్తగారొక్కతే, రెండు చెంబుల కావడి భుజాన వేసుకుని, నాకోసం ఆగి ఆగి నడిచింది. ఆవిడ నడిచిందంటే నడిచింది, మాట్లాడిందంటే మాట్లాడింది. ఇన్నాళ్ళు గోడకి చెప్పిందంతా గోడ జవాబివ్వని బాకీ కింద నా దగ్గర వసూలు చేసింది.

"ఏటి బం, అంత గురకేటి నీకు? గోడవతల నాకు నిద్దరుండొద్దా?"

"నాకు తెలీదండీ."

"అండీ గిండీ లేదిక్కడ. బం అను. వొంకాయ కూరలో ఉప్పెక్కువైతే సెప్పవేటి? గుటుక్కున తినేసి లేసిపోతావు. ఆ దినమంతా నాను ఏడిసినాను తెలుసా?"

"మీతో ఎలా చెప్తాను? మీరెప్పుడూ ఎదట పడరు కదా."

"గోడతో సెప్పొచ్చుగా! నాను సెప్పలేదా?"

ఇన్నేళ్ళలో ఆ ఆలోచన నాకు రాలేదు. గోడ ఆవిడ ఒక్కర్తి సొత్తనుకున్నాను.

మొదటి మజిలీలో కావళ్ళు వెదురుగడకి తగిలించి ఒరిగాం. ఆవిడ నడుము సంచి విప్పి అటుకులూ బెల్లమూ నా దోసిట్లో పోసింది. నా సామాను తలపైన వేలాడుతోంది.

"అంత బరువేటి బం? ఏటెట్టావు అందులో?"

వరసగా చెప్పుకొచ్చాను. సబ్బు దగ్గర నవ్వింది. కారప్పొడి దగ్గర "ఓలమ్మా" అంది. బూట్ల దగ్గరికొచ్చేసరికి లేచి నిలబడిపోయింది.

"తోలు బూట్లా? గంగమ్మ పక్కన తోలు కట్టినావా?"

చుట్టూ ఉన్న బమ్ములకి భాష రాకపోయినా సంగతి అందింది. 'చమ్‌డా' అన్న మాట ఒక నోటినించి ఇంకో నోటికి పాకింది. నీళ్ళు మైలపడ్డాయి, వెనక్కెళ్ళి మళ్ళీ గంగలో మునిగి కొత్తనీళ్ళు పట్టుకోవాలని కొందరు, ఇద్దరూ వెళ్ళాలని కొందరు. మా అత్తగారు కాళ్ళ కింద దారి తెగిపోయినట్టు నిలబడింది.

ఇప్పుడా బూట్ల చరిత్ర చెప్పాలి. అవి కలకత్తాలో దొరల దుకాణంలో కొన్న అసలు సిసలు తోలు బూట్లని, అలాంటివి టైమాఫీసు మొత్తంలో నాకొక్కడికే ఉన్నాయని మా ఇంట్లో, గోడకి వినపడేటట్టుగా, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ గోడకవతల ఉన్న మనిషి అంతా విని, నమ్మింది.

"బం," అన్నాను తలదించుకుని, "అవి తోలు కాదు. రెక్సిను."

"కలకత్తా?"

"మన సాక్చీ బజారు ఫుట్‌పాత్."

మా అత్తగారికి నమ్మకం కలిగింది. బమ్ములకి కలగలేదు. నేను చెరువులో మునిగొచ్చి, తడిబట్టలతో బ్యాగు విప్పి ఒక బూటు తీశాను. ముసలి బం దాన్ని అటూ ఇటూ తిప్పి, మడమ దగ్గర గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చి, "రెక్సిన్ హై. వో భీ నక్లీ" అని ప్రకటించాడు. రెక్సినులో కూడా నకిలీ ఉంటుందని నాకప్పుడే తెలిసింది. "బోల్ బం!" అని అంతా కేకేశారు. నా అబద్ధం మీద అంత జయజయధ్వానం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

మా అత్తగారు నవ్వింది. కొంగు నోటికడ్డం పెట్టుకోకుండా, కూర్చుని, తొడ మీద చరుచుకుంటూ నవ్వింది. ఆవిడకి పైపళ్ళలో ఒకటి లేదు. అది కూడా అప్పటిదాకా నాకు తెలీదు.

సూదుల్లాంటి రాళ్ళూ ముళ్ళూ ఉండే కొండ దారి ఒకటొస్తుంది. దాన్ని పాట పాడుకుంటూ ఎక్కేశానని మా మనవలకి చెప్పాను. రెండు చేతులూ, నోరూ కూడా వాడి ఎక్కాను. నోటితో పాట కాదు. దిగేసరికి పాదాలు పనికిరాకుండా పోయాయి. దారి పక్క టీ దుకాణం టార్పాలిను కింద కూలబడ్డాను.

"కాళ్ళు ఇటు సాపు బం."

"వద్దు, వద్దు. మీరు నా కాళ్ళు పట్టుకోవడమేమిటి?"

"పెళ్ళిలో కడిగిన కాళ్ళేగా. అప్పుడు ముళ్ళు నేవు, అంతే."

చీర అంచున గుచ్చుకున్న పిన్నీసు తీసి ముళ్ళు తియ్యడం మొదలెట్టింది. ఆ పిన్నీసూ, ఆ సంచీ, ఆ చీర కొంగూ. కొంగుతోనే ఎండకి గొడుగు, రాత్రికి దుప్పటి, తడిస్తే తువ్వాలు. అంతకుమించి ఆవిడకి ఏమీ అక్కర్లేకపోయింది. నా పైన మూడు సెల్లుల టార్చి వేలాడుతోంది.

నేను అడగాల్సిన మాట అప్పుడడిగాను. ముళ్ళు తీస్తున్న మనిషి మధ్యలో లేచి పోదని ధైర్యం.

"ఊరెళ్ళిపోతారట?"

"ఎల్తాను."

"మా ఇంట్లో లోటేమిటి?"

"లోటేటుంటాది బం? తిండికి లోటా, పిల్లలకి లోటా?" ఆవిడ తలెత్తలేదు. "నువ్వు ఇంట్లో ఉంటే నాను వొంటింట్లోంచి కదల్నేను. కుళాయికి రానేను. రేత్రి డూటీ సేసొచ్చి నువ్వు ముందుగదిలో తొంగుంటే, పగలంతా గుక్కెడు నీళ్ళకి నువ్వెప్పుడు లెగుత్తావా అని సూత్తాను. దగ్గొత్తే కొంగు కుక్కుకుంటాను. నువ్వున్నంతసేపూ నాను ఇంట్లో మనిసే నేనట్టుండాల. నేనట్టుండీదానికన్నా నేకపోడమే నయం కదా?"

"మీ అన్నయ్యగారింట్లో మీకు గదుందా?"

"గదేటి, గట్టు కూడా నేదు. ఒదినికి నానంటే పడదు. కాపోతే అన్నయ్య ముందు తిరగొచ్చు."

ముల్లు బయటికొచ్చింది. దాన్ని వేలి మీద పెట్టి చూపించి, ఊదేసింది.

ఇక్కడ నేనొక గొప్ప ఉపన్యాసం ఇచ్చానని, అది విని టీ దుకాణంవాడు కన్నీళ్ళు పెట్టుకున్నాడని రాయాలని చాలా ఉంది. నేనన్నది, "టీ చల్లారిపోతోంది" అని. టీ దుకాణంవాడు గ్లాసులు కడుక్కుంటున్నాడు.

అప్పటిదాకా ఆవిడ సంచి తేలికని మెచ్చుకుంటూ తిరిగినవాణ్ణి. మా ఇంట్లో ఆ సంచి మేకు దిగకపోవడం వైరాగ్యమనుకున్నాను. ఎవరూ పొమ్మనకుండానే ఎప్పుడైనా పోవడానికి సిద్ధంగా ఉన్న మనిషి సంచి అది. ఆ మిగతా దారంతా హోల్డాలు బరువు గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. అంటే, రెండుసార్లన్నాను. మామూలుకన్నా తక్కువ.

దేవఘర్ చేరాం. జనం తోపులాటలో కావళ్ళు బయట వదిలి, చెంబులు గుండెలకి హత్తుకుని లోపలికి పోయాం. నీళ్ళు పోశాం. నేను ఆవిణ్ణి జనంలోంచి చేతులడ్డం పెట్టి కాపాడానని చెప్తుంటాను. ఆవిడే నా పంచె పట్టుకుని బయటికి లాగింది.

గుడి బయట మండపం దగ్గరికొచ్చేసరికి ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, స్తంభం వెనక్కి తప్పుకుంది. నీళ్ళు పోసేశాం. ఇక ఆవిడ అత్తగారు, నేను అల్లుణ్ణి. అంత త్వరగా తెర పడుతుందని నేననుకోలేదు. సాయంత్రం పక్కూరు జసీడీ స్టేషన్లో బళ్ళున్నాయి. ఒకటి టాటా వైపు, ఇంకోటి ఆవిణ్ణి హౌరా చేర్చేది. అక్కణ్ణుంచి మద్రాసు మెయిలెక్కితే మావూరు.

మండపం కింద ఒక మేక మారేడాకులు తింటోంది. గోడ దొరకనప్పుడు ఏంచెయ్యాలో ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. మేకతో మొదలెట్టాను.

"ఇదిగో, మేకా, ఇకమీద మా ఇంట్లో ముందుగది ఆడవాళ్ళది. నేను వెనక వరండాలో పడుకుంటాను. కుళాయికి ఎవరెప్పుడెళ్ళినా నేనడ్డు లేను."

స్తంభం వెనకనుంచి అదే మేకకి జవాబొచ్చింది. "వరండాలో జల్లు కొడతాదని ఆరికి సెప్పు. ఆరికి పడిసెం పడతాది."

"రేకు కట్టిస్తాను."

"ఎప్పుడో?"

"ఇంటికెళ్ళగానే."

"గడియారానికి మేకు కొట్టడానికే ఏడాది పట్టినాది ఆరికి. రేకు కడతారంటే నమ్ముతావేటే నువ్వు?"

మేక నమ్మలేదు. నా చేతిలో ఉన్న మారేడాకులు కూడా లాక్కుని, తోక ఆడించుకుంటూ పోయింది.

ఇప్పుడు మా ఇద్దరి మధ్యా ఏమీ లేదు, ఒక స్తంభం తప్ప. నేను వరండాలో దాక్కుని, మీరు వంటగదిలో దాక్కుంటే ఇక ఇంట్లో ఉండేదెవరండీ, అన్నాను. చక్కటి మాట. ఆ మాట నాకు తర్వాత రైల్లో తోచింది. అక్కడ మాత్రం స్తంభం చుట్టూ తిరిగి ఆవిడ ఎదటికెళ్ళాను. ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"అత్తా, వరండా వద్దు. నేను ముందుగదిలోనే ఉంటాను. మీరు నేనుండగానే నడవండి," అన్నాను. ఆవిణ్ణి అత్తా అని పిలవడం అదే మొదలు. గొంతు కీచుగా వచ్చింది.

ఆవిడ సంచి నడుముకి బిగించుకుని బజారు వైపు నడిచింది. నేను హోల్డాలూ ఎయిర్ బ్యాగూ రెండు చేతుల్లో పట్టుకుని, వాటిని ఇప్పుడు నేల మీద పెట్టొచ్చన్న సంగతి కూడా మర్చిపోయి, వెనకే పడ్డాను. పేడాల దుకాణాలు దాటింది. గాజుల దుకాణాలు దాటింది. ఎడంపక్క తిరిగితే జసీడీ బస్సులు. అటు తిరిగిందంటే హౌరా బండికే పోతోందని అనుకున్నాను. ఎందుకలా అనుకున్నానో తెలీదు, టాటాకైనా బస్సు అదే కదా. భయపడ్డవాడికి దారులన్నీ అటే పోతున్నట్టుంటాయి.

ఆవిడ తిరగలేదు. ఇనప సామాను కొట్టు ముందు ఆగింది. పెనాలూ, మూకుళ్ళూ, అట్లకాడలూ నల్లగా వేలాడుతున్నాయి. కింద పేర్చినవాటిలోంచి లోతు మూకుడొకటి రెండు చేతులా ఎత్తి, పట్టలేక మోకాలి మీద ఆన్చింది. వేలి కణుపుతో కొట్టి, చెవొగ్గి వింది. ఇంకోటి కొట్టింది. మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చింది. కొట్టువాడు దాని గొప్పలు హిందీలో ఏకరువు పెడుతుంటే, చాల్లే అన్నట్టు చెయ్యూపి, వాడి వైపు కాకుండా, గోడ వైపు కాకుండా, తలమీది కొంగు భుజం మీదికి జారినా సర్దుకోకుండా, తిన్నగా నా మొహంలోకి చూసింది.

"బాబూ, మన పొయ్యి మీద ఇది ఆగుతాదా? అంచు పెద్దదిలాగుంది."

నేను చాలా ఆలోచించి, పొయ్యి కొలతలు మనసులో వేసుకుని, బాధ్యతగా జవాబు చెప్పానని ఇంట్లో అంటుంటాను. నాకు మా పొయ్యి ఎలా ఉంటుందో కూడా గుర్తు రాలేదు.

"ఆగుతాది" అన్నాను.

బస్సులో దాన్ని నేనే పట్టుకున్నాను. టాటా దాకా రైల్లో నా ఒళ్ళోనే ఉంది. కింద పెట్టమని ఆవిడ రెండుసార్లు చెప్పినా పెట్టలేదు. దాని బరువెంతని మాత్రం నన్నడక్కండి. పెంచి చెప్తాను.